ఆ ఇంటికి పొగగొట్టం ఉండాలా, వద్దా?

మా స్నేహితులైన ఒక జంట పోయినేడాది ఇంగ్లండ్‌లోని కెంట్‌లో ఓ పాత ఫామ్‌హౌస్ కొనుక్కున్నారు. ఒకప్పుడు రైతు కుటుంబం ఉన్న ఇల్లు. చుట్టూ ఉన్న పొలాలు ఎప్పుడో చేతులు మారిపోయి, ఇప్పుడు ఇల్లూ వెనకాల కాస్త తోటా మిగిలాయి. ముందువైపు ఎర్ర ఇటుక గోడ, పైన పెంకులు, కప్పు మధ్యలోంచి పైకి లేచిన లావాటి ఇటుక పొగగొట్టం. వెనక్కి వెళ్ళి చూస్తే మాత్రం ఓక్ దుంగల చట్రం బయటికే కనిపిస్తుంది. కొనేముందు పరీక్షించడానికి వచ్చిన సర్వేయరు అటక మీదికెక్కి టార్చి వేసి చూసి, కిందికి దిగొచ్చి, "మీ వాసాలన్నీ మసిపట్టి నల్లగా ఉన్నాయి" అన్నాడట. ఎప్పుడో ఇల్లు తగలబడిందేమో అని వీళ్ళకి ఒకటే టెన్షన్. ఆయన నవ్వి, అది నిప్పంటుకుని వచ్చిన నలుపు కాదు, వంటపొగ, ఈ ఇల్లు కట్టినప్పుడు పొగగొట్టమే లేదు అని చెప్పాడు.

ఆ మాట విన్నప్పటినుంచి మా స్నేహితుడికి ఒకటే ఆలోచన. ఆ పొగగొట్టం తీయించేసి, హాలు మీద తర్వాత ఎవరో వేసిన అంతస్తు కూడా పీకించేసి, నేల నుంచి కప్పు దాకా ఖాళీగా ఉండే పాత హాలుని మళ్ళీ బయటికి తేవాలి. అంటే ఇంటిని దాని అసలు రూపానికి తీసుకెళ్ళాలి. ఆయన వాడిన మాట అదే, "అసలు రూపం". మొన్న వేసవిలో మా నాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు అందరం కలిసి సస్సెక్స్‌లో సింగిల్టన్ దగ్గరున్న వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియానికి వెళ్ళాం. అక్కడ బేలీఫ్ అనే పేరున్న పాత ఫామ్‌హౌస్‌ని చూశాక ఆయన నిర్ణయం ఇంకా గట్టిపడింది. నాది సరిగ్గా దానికి వ్యతిరేకంగా గట్టిపడింది. తిరిగొచ్చేటప్పుడు కారులో రెండు గంటలు వాదించుకున్నాం. కారులో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

బేలీఫ్ హాల్లో

బేలీఫ్‌ని వీల్డెన్ ఇల్లు అంటారు. కెంట్, సస్సెక్స్ ప్రాంతాల్లో, ముఖ్యంగా కెంట్‌లో, ఈ రకం ఇళ్ళు ఇప్పటికీ వందల్లో ఉన్నాయి. మధ్యలో ఎత్తయిన హాలు, దానికి అటూ ఇటూ రెండేసి అంతస్తుల గదులు. ఆ రెండు కొసల్లోనూ పై అంతస్తు కింది గోడకంటే కొంచెం ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. హాలుకి పై అంతస్తే లేదు కాబట్టి దాని గోడ వెనక్కి ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ మూడు భాగాల మీదా ఒకటే కప్పు. మరి హాలు ముందు చూరు గాలిలో ఎలా నిలబడాలి? అందుకని రెండు వైపుల నుంచీ విల్లులా వంగిన కొయ్యలు వచ్చి దాన్ని మోస్తాయి. ఒకసారి చూస్తే ఇక ఎక్కడ కనబడినా గుర్తుపట్టేయొచ్చు.

లోపలికి వెళ్తే ముందు ఏమీ కనబడదు. కిటికీలకి అద్దాలు లేవు, నిలువు కొయ్యకడ్డీలూ లోపల చెక్క తలుపులూ తప్ప. నేల మధ్యలో పొయ్యి. మేం వెళ్ళిన రోజు అందులో కట్టెలు మండుతున్నాయి. పొగ నిటారుగా పైకి లేచి కప్పు కింద మబ్బులా పరుచుకుని, పెంకుల సందుల్లోంచీ కప్పు కొసల్లోంచీ మెల్లగా బయటికి పోతోంది. కింద కూర్చున్నవాళ్ళకి నేను భయపడినంత ఇబ్బందేం లేదు. నిలబడితే కళ్ళు మండుతాయి. నాన్న కాసేపు పైకి చూసి, "మీ నాయనమ్మ వంటిల్లు ఇంతేనమ్మా, కాకపోతే ఇంత ఎత్తు లేదు. అందుకే పాపం ఆవిడకి ఎప్పుడూ దగ్గు" అన్నారు.

హాలుకి ఒక కొస గొప్పది, ఒక కొస తక్కువది. పెద్ద కిటికీ వెలుగు పడే పైకొసలో ఇంటి యజమాని బల్ల, దాని వెనక ఆ కుటుంబానికి వేరే గదులు. కిందికొసలో ఎదురెదురుగా రెండు తలుపులు, వాటి మధ్య నడవా, ఆ పక్కన సరుకులకి రెండు చిన్న గదులు. ఒకదాని పేరు బటరీ. వెన్నకీ దానికీ సంబంధం లేదు, బీరు పీపాలు పెట్టే గది. రెండోది పాంట్రీ, రొట్టెల గది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఏ తలుపులోంచి రావాలో ఇల్లే చెబుతుంది. మా పల్లెలో పెద్దిళ్ళ అరుగుల మీద ఎవరు ఎంతవరకు రావచ్చో చిన్నప్పటినుంచి చూసినదాన్ని కాబట్టి ఇది నాకు వెంటనే అర్థమైంది. అంత అందమైన హాల్లోనూ నాకు పూర్తిగా ఆనందం కలగకపోవడానికి అది ఒక కారణం కావచ్చు.

ఈ ఇల్లు పుట్టింది ఇక్కడ కాదు. కెంట్‌లో చిడింగ్‌స్టోన్ దగ్గర 15వ శతాబ్దం మొదట్లో కట్టారు, ఒక కొస గదులు మాత్రం 16వ శతాబ్దం మొదట్లోవి. 1960ల్లో అక్కడ బో బీచ్ రిజర్వాయరు కడుతున్నప్పుడు ఈ ఇంటికి చోటు లేకుండా పోయింది. అదే రోజుల్లో రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆయనా ఆయన తోటివాళ్ళూ ఇలా పోబోతున్న ఇళ్ళకోసం మ్యూజియం పెట్టే పనిలో ఉన్నారు. 1970లో మ్యూజియం తెరిచారు. బేలీఫ్‌ని దుంగ దుంగగా విప్పి తీసుకొచ్చి 1972లో నిలబెట్టారు.

"విప్పడం ఏమిటి, ఇల్లేమన్నా మంచమా?" అని నాన్న అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఈ ఇళ్ళ గురించి సగం తెలిసినట్టే. ఓక్ ఎండిపోతే రాయిలా అవుతుంది, ఉలి దిగడం కష్టం. అందుకని నరికిన కొద్ది నెలల్లోనే, పచ్చిగా ఉండగానే చెక్కేవారు. వడ్రంగి తన యార్డులో ఒక్కో గోడ చట్రాన్నీ నేలమీద పరిచి అమర్చి, ఏ కొయ్య ఏ కొయ్యతో కలుస్తుందో తెలిసేలా రెండింటిమీదా రోమన్ అంకెలు గీసి, మళ్ళీ విప్పి, బళ్ళమీద ఇంటి చోటుకి తెచ్చి నిలబెట్టేవాడు. కొయ్య చివర నాలుకలా చెక్కి, రెండో కొయ్యలో తొలిచిన బెజ్జంలో దూర్చి, రెండింటినీ కలిపి ఓక్ చీల కొడతారు. చీల కోసం రెండు కొయ్యల్లో వేసే బెజ్జాలు సరిగ్గా ఒకదానికొకటి ఎదురుగా ఉండవు, కావాలనే వెంట్రుకవాసి ఎడంగా తొలుస్తారు. చీల లోపలికి దిగుతున్నకొద్దీ కీలు బిగుసుకుంటుంది. పచ్చి కొయ్య ఎండుతూ ముడుచుకున్నాక ఇంకా బిగుస్తుంది. వంగిపోయి, మెలితిరిగి, ఏ గీతా తిన్నగా లేకుండా కనిపించే ఈ ఇళ్ళు వందల ఏళ్ళుగా పడిపోకుండా ఉన్నది ఈ కీళ్ళ వల్ల. నాన్న ఒక స్తంభం దగ్గర ఆగి చీల తలని వేలితో తడిమి, "మన ద్వారబంధాలకీ చెక్క చీలలే కొట్టేవాళ్ళు" అన్నారు.

అంటే ఈ ఇల్లు పుట్టకముందే ఒకసారి విప్పిన ఇల్లు. ఐదున్నర శతాబ్దాల తర్వాత రెండోసారి విప్పారు.

మసి ఏం చెబుతుంది

ఇప్పుడు మా స్నేహితుడి అటక సంగతి. ఆ మసి నిజంగానే గొప్ప సాక్ష్యం. ఇంగ్లండ్‌లో బయటికి మామూలుగా కనిపించే ఎన్నో ఇళ్ళలో అటకెక్కి చూస్తేనే, కప్పు కొయ్యలు మసిబారి ఉండటాన్నిబట్టి, కింద ఒకప్పుడు పొయ్యి మండిన హాలు ఉండేదని తెలుస్తుంది. మసి ఎక్కడిదాకా ఉందో చూసి హాలు ఎంతమేర ఉండేదో గీత గీసి చెప్పొచ్చు. ఆ కొయ్యల్లోని ఏటేటి వలయాల వరుసని, కాలం తెలిసిన వేరే కొయ్యల వలయాలతో పోల్చి చెట్టు నరికిన సంవత్సరం పట్టుకోవచ్చు కూడా. పచ్చి కొయ్యతోనే కట్టేవారు కాబట్టి చెట్టు నరికిన ఏడాది తెలిస్తే ఇల్లు కట్టిన కాలం దాదాపు తెలిసిపోయినట్టే. మా స్నేహితుడు నాకు ఆ వాసాలు చూపిస్తున్నప్పుడు ఆయన గొంతులో ఉన్న ఉత్సాహం నాకూ కలిగింది. చేత్తో ముట్టుకుంటే అయిదు వందల ఏళ్ళనాటి మసి వేలికి అంటుతుంది.

కానీ ఆ మసి ఒక చోట ఆగిపోయింది, ఆ తర్వాత ఇక పట్టలేదు. ఎందుకు ఆగిందో కూడా మనం పట్టించుకోవాలి కదా!

1577లో విలియం హారిసన్ అనే ఎసెక్స్ పల్లె మతగురువు తన దేశాన్ని వర్ణిస్తూ, తమ ఊళ్ళో ముసలివాళ్ళు తమ కాలంలో వింతగా మారిపోయినవి మూడున్నాయని చెప్పుకుంటారని రాశాడు. వాటిలో మొదటిది, కొత్తగా లేచిన పొగగొట్టాల సంఖ్య. తమ చిన్నతనంలో ఊరికి రెండో మూడో ఉండేవట. మిగిలిన రెండూ పడకలు మెరుగుపడటం, చెక్క గిన్నెల బదులు లోహపు గిన్నెలు రావడం. రాజులు, యుద్ధాలు, మతం తలకిందులైన కాలం అది. అయినా ఆ ముసలివాళ్ళు చెప్పుకున్న పెద్ద మార్పులు ఇవీ! నాకు ఆ మాట చదివినప్పుడల్లా మా నాయనమ్మ ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చిన రోజు గుర్తొస్తుంది.

పొగగొట్టం వచ్చాక ఏమైందంటే, హాల్లో పొగ లేదు కాబట్టి కప్పుదాకా ఖాళీగా వదలాల్సిన అవసరం పోయింది. మధ్యలో దూలాలు వేసి అంతస్తు కట్టుకున్నారు. పైన ఒక పెద్ద గది అదనంగా వచ్చింది. అటు కొస గదుల నుంచి ఇటు కొస గదులకి పైనుంచే నడవగలిగారు, అంతకుముందు కిందికి దిగి హాలు దాటి మళ్ళీ ఎక్కాలి. ఒకేసారి అందరికీ ఇది జరగలేదు. కొందరు ముందు హాల్లో ఒక మూలని తడికతో వేరుచేసి పొగని అటు పంపారు, కొందరు కొయ్యా మట్టితోనే పొగగూడు కట్టుకున్నారు, ఇటుకకి డబ్బు చేరాక ఇటుక. 1953లో డబ్ల్యు.జి. హాస్కిన్స్ అనే చరిత్రకారుడు, 1570 నుంచి 1640 దాకా ఇంగ్లండ్ పల్లెలు దాదాపు మొత్తం తిరిగి కట్టుకున్నాయని రాసి, దానికి 'గ్రేట్ రీబిల్డింగ్' అని పేరుపెట్టాడు. తర్వాతివాళ్ళు ఆ తేదీలని అలాగే ఒప్పుకోలేదు, ఒక్కో ప్రాంతంలో ఒక్కో కాలంలో జరిగిందన్నారు. తేదీలు ఎలా ఉన్నా, ఆ ఇళ్ళలో బతికినవాళ్ళకి ఇల్లు కట్టిన రోజుకంటే పొగగొట్టం లేచిన రోజే పెద్దదయి ఉంటుందని నా నమ్మకం. ఆ పొయ్యి ముందు రోజంతా కూర్చున్నవాళ్ళకి మరీనూ.

మా స్నేహితుడు తీసేద్దామంటున్నది ఆ పొగగొట్టాన్నే. 15వ శతాబ్దపు ఇంట్లో తర్వాత వచ్చి చేరిన అడ్డంకిలా ఆయనకి కనిపిస్తోంది. హాలు ఒక నూరేళ్ళో నూట యాభై ఏళ్ళో హాలుగా ఉంది. ఆ పొగగొట్టం నాలుగు వందల ఏళ్ళుగా ఉంది. మరి ఆ ఇంటికి ఏది అసలు రూపం?

మరి బేలీఫ్ చేసిందేమిటి?

కారులో నన్ను ఇరుకున పెట్టిన ప్రశ్న ఇది. బేలీఫ్‌కి కూడా తర్వాతి కాలంలో పొగగొట్టం వచ్చింది, హాలు మీద అంతస్తు వచ్చింది. మ్యూజియంలో తిరిగి కట్టేటప్పుడు వాటిని వదిలేశారు. ఇంటిని 16వ శతాబ్దపు రూపంలో నిలిపి, లోపల బల్లలూ పెట్టెలూ మంచాలూ సుమారు 1540 నాటి లెక్కలో పెట్టారు. "నిపుణులే చేశారు కదా, నేను చేస్తే తప్పా?" అని ఆయన అడిగారు. వెంటనే నా దగ్గర మంచి జవాబు లేదు.

ఇప్పటికీ పూర్తిగా ఉందని చెప్పలేను, కానీ ఆలోచించగా తేలింది ఇది. బేలీఫ్ అప్పటికే విప్పేసిన ఇల్లు. దాని పొలం, దాని నేల పోయాయి, ఇక దానిలో ఎవరూ కాపురం చేయరు. తిరిగి కట్టేటప్పుడు ఎలాగూ ఏదో ఒక రూపం ఎంచుకోక తప్పదు. ఆ రోజుల్లో, పొయ్యి మండుతున్న హాల్లో నిలబడటం అంటే ఏమిటో మామూలు మనిషి తెలుసుకునే చోటు దాదాపు లేదు. ఆ ఒక్క ఇల్లు ఆ పని చేస్తోంది కాబట్టే మా నాన్న పైకి చూసి మా నాయనమ్మ దగ్గు గురించి మాట్లాడారు. వేల మందికి చూపించడానికి ఒక ఇంటి తర్వాతి చరిత్రని పక్కన పెట్టడం వేరు, ఒక కుటుంబం తన ఇష్టం కోసం బతికున్న ఇంటి చరిత్రని చెరిపేయడం వేరు. అయినా అక్కడ కూడా పోయింది పోయిందే. ఆ హాల్లో ఆ మధ్యాహ్నం నాకు ఎంత బాగున్నా, ఆ పొగగొట్టం కట్టించిన రైతు ఎవరో, ఆ డబ్బు ఏ పంటమీద వచ్చిందో అన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఆయనకి ఆ మ్యూజియంలో చోటు లేదు.

ఈ తగువు మేం కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో చర్చిలన్నిటినీ వాటి 'మొదటి' రూపానికి తెస్తామని గోడలు గీకి, తర్వాతి కాలం పనంతా పీకేస్తుంటే, 1877లో విలియం మోరిస్, అతని మిత్రులూ పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టారు. మరమ్మతు చేయండి, వెనక్కి తిప్పకండి అన్నది వాళ్ళ వాదన. సస్సెక్స్‌లోనే ఆల్ఫ్రిస్టన్ అనే ఊళ్ళో బేలీఫ్ లాంటి హాలు ఇల్లు ఒకటి ఉంది, క్లర్జీ హౌస్ అంటారు. పడిపోబోతున్న ఆ ఇంటిని 1896లో, పాత కట్టడాలనీ ప్రకృతి స్థలాలనీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 10 పౌండ్లకి కొన్నది. ఆ సంస్థ కొన్న మొదటి కట్టడం అదే. దాని హాలు నేల సుద్దరాయి పొడిని పులిసిన పాలతో కలిపి దిమ్మిస కొట్టిన నేల. మీరెప్పుడైనా అటు వెళ్తే వంగి ఒకసారి చూడండి.

కంటికి పాతగా కనిపించేది

'అసలు రూపం' అన్న మాటని నేను నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర విల్మ్‌కోట్‌లో షేక్స్పియర్ తల్లి మేరీ ఆర్డెన్ పుట్టిల్లు అని రెండు వందల ఏళ్ళు జనం ఒక ఇంటిని చూసి వెళ్ళారు. దుంగలన్నీ బయటికి కనిపించే, బొమ్మల్లో గీసినట్టుండే ఇల్లది. 2000లో పాత పత్రాలు తిరగేస్తే అది పామర్ అనే పొరుగు రైతుదని, ఆర్డెన్ కుటుంబం ఉన్నది పక్కనే ఉన్న గ్లీబ్ ఫామ్‌లో అని తేలింది. ఆ గ్లీబ్ ఫామ్ ఇటుక గోడలతో, ఎవరూ ఆగి ఫొటో తీయని మామూలు ఇల్లు. లోపల ఉన్న ఓక్ చట్రం వలయాలు పరీక్షిస్తే 1514 నాటిదని వచ్చింది. ఇటుక తొడుక్కున్నందుకు అసలు ఇంటిని ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు. మా స్నేహితుల ఇంటికీ ముందు అలాంటి ఇటుక తొడుగే ఉంది కాబట్టి ఈ సంగతి వాళ్ళకి రెండుసార్లు చెప్పాను.

నల్ల దుంగలు, మధ్యలో తెల్ల గోడ అన్న ఆ ప్రసిద్ధమైన రూపం కూడా చాలాచోట్ల విక్టోరియా కాలపు ఇష్టమే. ఓక్‌ని అలా వదిలేస్తే వెండిలా బూడిదరంగు తిరుగుతుంది, దాన్ని అలాగే వదిలేసేవారు, లేదా గోడతో పాటు దుంగల మీద కూడా సున్నం కొట్టేవారు. ఎసెక్స్, సఫోక్ వైపు ఎన్నో ఇళ్ళలో చట్రం మొత్తాన్ని పూతతో కప్పేశారు. గత శతాబ్దంలో, దుంగలు కనబడితేనే పాత ఇల్లని, అలాంటి పూతలు గీకించినవాళ్ళు ఎందరో. కొందరు లోపలి దూలాలకి ఇసుక జల్లు కొట్టించి మెరిపించారు. దానితో వడ్రంగి గీసిన అంకెలు, గొడ్డలి దెబ్బలు, మసి, అన్నీ పోయాయి. అలా చేసినవాళ్ళు కూడా అసలు రూపం తెస్తున్నామనే అనుకున్నారు.

ఇంకో కథ ప్రతి పల్లె పబ్బులోనూ వింటాం, ఈ దూలాలు పాత ఓడలవి అని. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఇళ్ళ గురించి కూడా చెబుతారు. ఖాళీ బెజ్జాలు కనబడేసరికి పుట్టిన కథ అయ్యుండాలి. ఆ బెజ్జాలు అక్కడే ఒకప్పుడున్న గోడవో కిటికీవో, లేదా ఇంకో ఇంటినుంచి తెచ్చిన కొయ్యవో. అడవుల చరిత్ర రాసిన ఆలివర్ రాకమ్ ఒక సఫోక్ ఫామ్‌హౌస్ లోని కొయ్యలన్నీ లెక్కపెడితే సుమారు 330 చెట్లు తేలాయి. చాలావరకు చిన్న చెట్లే, అడుగు మందం కూడా లేనివి. ఆ రైతులకి మహావృక్షాలు అక్కర్లేదు. దగ్గరి అడవిలో నరికితే మళ్ళీ చిగురు వేసే చెట్లు చాలు. ఓడల కథకంటే ఇది నాకు ఎంతో నచ్చింది.

వెనక గోడ

ఇంత వాదన తర్వాత ఒక శనివారం మళ్ళీ మా స్నేహితుల ఇంటికి వెళ్ళాం. వెనక గోడ చూద్దామని నాన్నే అన్నారు. ఈ ఇళ్ళలో చట్రం మధ్య ఖాళీలని మొదట్లో చీల్చిన కొయ్యలు నిలబెట్టి, హేజెల్ బెత్తాలతో తడిక అల్లి, మట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపి తొక్కి రెండువైపుల నుంచీ మెత్తి, పైన సున్నం పూసేవారు. వాన పడితే తడుస్తుంది, ఎండకి ఆరిపోతుంది. పాడైతే ఆ ఒక్క గడి వరకు తీసి మళ్ళీ వేసుకుంటారు, చట్రానికి ఏం కాదు. మా స్నేహితుల వెనక గోడలో ఇంతకుముందు ఉన్నవాళ్ళెవరో ఆ గడుల్లో సిమెంటు పూయించారు, బలంగా ఉంటుందని. సిమెంటు కొయ్యతో పాటు కదలదు. ఓక్ తడికి ఉబ్బి, ఎండకి ముడుచుకుంటుంది, సిమెంటు అంచు దగ్గర సన్నటి చీలిక వస్తుంది, వాన అందులోంచి దిగుతుంది, బయటికి రాలేదు. నాన్న ఒక స్క్రూడ్రైవర్ అడిగి, అడుగున పునాది మీద పరిచిన ఓక్ దుంగని పొడిచి చూశారు. పిడి దాకా దిగిపోయింది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ దుంగ మీదే స్తంభాలన్నీ నిలబడి ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ స్క్రూడ్రైవర్ చెప్పింది. ఈ ఇళ్ళని కట్టినవాళ్ళు ఇవి మారతాయని, పాడవుతాయని, ఎవరో వచ్చి ఒక కొయ్య మార్చుకుంటారని తెలిసి కట్టారు. కుళ్ళిన స్తంభం అడుగు కోసేసి కొత్త ఓక్ అతికితే, ఆ అతుకు ఇంకో మూడు వందల ఏళ్ళు నిలుస్తుంది. తడిక మార్చొచ్చు, కిటికీ జరపొచ్చు, పొగగొట్టం దూర్చొచ్చు. అన్నిటినీ భరించింది ఆ చట్రం. సిమెంటు ఒక్కటే దానికి ఊపిరాడనివ్వలేదు. పొగగొట్టం పీకించడానికి అయ్యే డబ్బు ఈ గోడకి పెట్టండి అని నేను మళ్ళీ అడిగాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. పొగగొట్టం దూర్చేటప్పుడు అప్పటి మేస్త్రీలు దానికి అడ్డొచ్చిన దూలాలనీ వంపుకొయ్యలనీ కోసేయడం మామూలే. అలాంటి ఇంట్లో నాలుగు వందల ఏళ్ళుగా చట్రం ఆ ఇటుకల మీద ఆనుకుని ఉంటుంది. దాన్ని లాగేస్తే ఏం జరుగుతుందో ఎవరైనా ఇంజనీరు చూడందే తెలియదు.

చట్టం సంగతి వేరే. అది లిస్టెడ్ ఇల్లు, అంటే చారిత్రక కట్టడంగా రక్షిత జాబితాలో ఉన్న ఇల్లు. అనుమతి లేకుండా ఇలాంటి మార్పు చేయడం నేరం, అనుమతి అడిగినా పొగగొట్టం పీకడానికి ఇస్తారని నేననుకోను. కానీ చట్టం అడ్డుకుంటుంది కాబట్టి మానేయమని ఆయన్ని ఒప్పించడం నాకిష్టం లేదు. ఆయన మనసులో ఆ హాలు అలాగే ఉండిపోతుంది, ఎవరో తన చేతులు కట్టేశారన్న బాధతో.

విచిత్రమేమిటంటే ఆ రోజుదాకా నాన్న ఆయన పక్షమే. "వాళ్ళిల్లు, వాళ్ళ డబ్బు, వాళ్ళిష్టం. నీకెందుకమ్మా?" అనేవారు. దాని వెనక ఏముందో నాకు తెలుసు. మా ఊళ్ళో మా తాతగారు కట్టిన మండువా ఇల్లుండేది. వానాకాలం వస్తే మండువాలోకి నీళ్ళు, చెదలు, ఎప్పుడూ ఏదో ఒక మరమ్మతు. అన్నదమ్ములు పంచుకున్నాక నాన్న దాన్ని విప్పించేసి డాబా వేశారు. టేకు స్తంభాలూ, దూలాలూ, చెక్కిన ద్వారబంధాలూ పాత కలప కొనేవాళ్ళు లారీలో తీసుకెళ్ళారు. అవి ఇప్పుడు ఏ హోటల్లో ఉన్నాయో తెలియదు. పాత ఇంట్లో ఉండాల్సింది మేమే, చూసి మెచ్చుకునేవాళ్ళు కాదు అని ఆయన అప్పుడు అన్నదాంట్లో తప్పు పట్టలేను. ఇప్పుడు నేను ఒకరి పొగగొట్టం గురించి ఇంత గట్టిగా మాట్లాడటం ఆయనకి ఎక్కడో గుచ్చుకుని ఉంటుంది. ఒక రకంగా నేను చెప్పేది ఆయన వాదనే. ఆ రైతులు కూడా బతకడానికి వీలుగా ఇల్లు మార్చుకున్నారు, పొగ భరించలేక, గది చాలక. ఆ మార్పుని గౌరవించమంటున్నాను. కానీ వాళ్ళు మార్చుకున్నా చట్రాన్ని ఉంచుకున్నారు, మేం ఉంచుకోలేదు. ఆ మాట నాన్నతో అనలేదు.

స్క్రూడ్రైవర్ తిరిగిచ్చేస్తూ ఆయనే మా స్నేహితుడితో అన్నారు, "ముందు ఈ గోడ చూసుకో బాబూ. పైన ఉన్నది ఎక్కడికీ పోదు." మా స్నేహితుడి భార్య, "అదే బాబాయ్ గారూ, నేనూ చెబుతున్నాను" అంది. ఆవిడకి పైన ఉన్న ఆ గది కావాలి, పిల్లలిద్దరూ అక్కడే పడుకుంటారు. ఇన్ని నెలల్లో మేమెవరం ఆవిడని అడగలేదు.

సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడానికి వాళ్ళకి మూడు నెలలు పట్టింది. సిమెంటు చెక్కేస్తుంటే ఒక గడిలో మాత్రం కింద పాత తడిక, మట్టి అలాగే ఉన్నాయట. పొడిగా, గట్టిగా, మెత్తినవాళ్ళ వేళ్ళ గీతలతో సహా. దాన్ని కదిలించకుండా అంచులు మాత్రం సరిచేసి పైన సున్నం పూశారు. పొగగొట్టం గురించి ఆయన ఈ మధ్య మాట్లాడటం లేదు, మనసు మార్చుకున్నారో లేదో నేనూ అడగలేదు. నాన్న ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా ముందు పిల్లల గురించి, తర్వాత ఆ గోడ గురించి అడుగుతారు. వెనక వైపు సగం అయింది, చలికాలం వచ్చేసింది కాబట్టి మిగతాది ఏప్రిల్ తర్వాతే అని మొన్న చెప్పాను. సున్నం చలికి ఆరదు.